సెంటు సీసా మీద పెన్సిల్ గీత

ఈస్టరు వెళ్లిన మర్నాడు, సోమవారం పొద్దున, కుసుమ సెంటు సీసాలో మట్టం చిటికెన వేలి గోరంత తగ్గినట్టు కనిపెట్టాను.

పోయిన వేసవి సంగతి ఇది. ముప్పై నాలుగేళ్లు రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో గీతలు గీసి రిటైరైన వాణ్ణి. మిల్లీమీటరు తేడా వస్తే నా కన్ను పట్టుకుంటుంది. జనవరిలో నా భార్య కుసుమ పోయాక ఆదివారాలు తప్ప ఆ సీసాను ముట్టుకోలేదు. ఆదివారం కూడా ఒక్క నొక్కే, అదీ దూది ఉండ మీద. ఆ దూదిని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టుకుని వారమంతా కాస్త కాస్త వాసన చూసుకునేవాణ్ణి. అంతమాత్రానికి గోరంత తగ్గకూడదు.

కుసుమ నర్సుగా రిటైరైన రోజు వార్డులో తోటివాళ్లంతా కలిసి కొనిచ్చిన ఫారిన్ సెంటు అది. చర్చికి, పెళ్లిళ్లకు తప్ప వాడేది కాదు. అందుకే నాలుగేళ్లు వచ్చింది. స్కూటర్ మీద నా వెనక కూర్చుంటే, ఆలుగడ్డ బావి మలుపులో గాలి మారినప్పుడు ఆ వాసన ఒక్క క్షణం నా ముందుకు వచ్చి వెళ్లేది. ఆమె ముఖం ఫోటోల్లో ఉంది. గొంతు నా ఫోనులో పదకొండు వాయిస్ మెసేజీలుగా ఉంది, వాటిలో ఏడు కొత్తిమీర తెమ్మని. వాసన మాత్రం ఈ సీసాలో తప్ప ఎక్కడా లేదు. అడుగున రెండు వేళ్ల మందం మిగిలి ఉంది. అది ఆరిపోతే కుసుమను సగం మరిచిపోతానని నాకు భయం.

సీసా ఉండే అద్దం బల్ల మీద మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతోంది. ఆవిరైపోతోందని అనుకున్నాను.

ఇంట్లో నేను కాక ఉన్నది సలోమి ఒక్కతే. కుసుమ చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. మిషన్ స్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసింది. బోయిగూడలో వాళ్లమ్మ చనిపోయిన ఏడాది మెట్టుగూడలోని మా ఇంటికి వచ్చింది. ఇరవై రెండేళ్లయింది. కరోనా వచ్చి తగ్గినప్పటి నుంచి సలోమికి వాసన తెలియదు. కూర మాడుతుంటే హాల్లోంచి నేను కేకేస్తేనే స్టవ్ ఆపుతుంది. అందుకని సెంటు తగ్గడానికి, ఆమెకు సంబంధం ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

మా ఇద్దరి మధ్య మాటలు కూడా తగ్గిపోయాయి. కుసుమ జ్ఞాపకార్థ కూడిక రోజున మా చర్చి సంఘంలో పెద్దావిడ దేవకృపమ్మ వంటింట్లో సలోమితో అన్న మాట నా చెవిన పడింది.

“అక్క ఉన్నన్ని దినాలు ఒక తీరు. ఇప్పుడు బావతోని ఒక్కదానివి అదే ఇంట్ల ఎట్లుంటవమ్మా? నలుగురు చూస్తరు. జెర ఆలోచన చెయ్.”

సలోమి గ్లాసులు కడుగుతూ ఉండిపోయింది. నేనూ విననట్టే ఉన్నాను. అప్పటినుంచి నా కంచం హాల్లో బల్ల మీదికి వచ్చేది. ఆమె వంటింట్లో తినేది. “బావా, అన్నం పెట్టిన” అని ఒక మాట వినపడేది, నేను బయటికొచ్చేసరికి ఆమె చీర కొంగు వంటింటి గుమ్మం దాటుతూ కనపడేది. టీవీ చప్పుడు పెద్దది చేసేవాణ్ణి.

ఆ సోమవారం సాయంత్రం సీసాను జేబురుమాల్లో చుట్టుకుని జనరల్ బజారు సందులో సెంట్లు, అగరుబత్తులు అమ్మే హరికిషన్ కొట్టుకు వెళ్లాను. అతనికి యాభై దాటి ఉంటాయి. తాతల నాటి కొట్టు.

“ఏడ పెట్టిన్రు సార్ దీన్ని?”

“అద్దం ముందు.”

“అందరు గట్లనే పెడ్తరు. అద్దం ముందు పెడ్తె అందంగుంటది, గని సెంటు ఉండదు. ఎండ దీనికి దుష్మన్. గాలి ఇంకో దుష్మన్. మాటిమాటికి మూత తీసి చూసే మనిషి అందరికన్న పెద్ద దుష్మన్.”

“ఫ్రిజ్‌లో పెట్టనా?”

“వద్దు సార్. ఫ్రిజ్ దినాం ఇరవై సార్లు తీస్తరు. సల్లగయితది, ఉడుకయితది, మళ్ల సల్లగయితది. పరేషాన్ అయితది అది. సీకటుండాలె, ఒక్క తీరుగ సల్లగుండాలె, కదలొద్దు. బట్ట మీద కొడితె ఎక్కువ దినాలు పట్టుకుంటది. ఒంటి మీదైతె ముందుగాల జెర వ్యాజిలిన్ రాసి, దాని మీద కొట్టాలె. లేకుంటె గంటల మాయం.”

“ఇది ఎన్నాళ్లు వస్తుందంటారు?”

అతను సీసాను ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూశాడు. “మేడం దినాం కొట్టుకుంటరా?”

“లేదు. ఆదివారం ఒక్కసారి.”

“ఐతె మస్తు దినాలొస్తది. కొట్టుకున్నంక చేతులు రుద్దొద్దని చెప్పుండ్రి మేడంకు. రుద్దితె వాసన సస్తది.”

చెబుతానన్నాను. దానికి డబ్బులేమీ తీసుకోలేదు. ఒక చిన్న అగరుబత్తి కట్ట కొనుక్కుని వచ్చాను.

మా ఇంట్లో వేసవిలో చల్లగా, చీకటిగా ఉండేది ఒకే ఒక్క చోటు. వంటింట్లో మంచినీళ్ల రంజన్ కుండ పెట్టుకునే మూల. కింద ఇసుక పోసి, రోజూ తడుపుతుంది సలోమి. కుసుమ నైట్ డ్యూటీలకు వేసుకున్న ఊలు మేజోడులో సీసాను దూర్చి, బిస్కెట్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను రంజన్ పక్కన ఇటుక మీద ఉంచాను. దానికి ముందు సీసా పక్కన సన్నటి కాగితం ముక్క అంటించి, మట్టం ఉన్న చోట పెన్సిల్‌తో గీత గీశాను. గీతకు చిన్న బాణం గుర్తు పెట్టి తేదీ వేశాను.

“సలోమీ, ఈ డబ్బా ఇక్కడ ఉంచుకుంటాను. కాస్త కదలకుండా చూడు.”

“ఏముంది బావా దాన్ల?”

“అక్క సెంటు. ఎండకు ఆరిపోతోంది. గీత గీసి పెట్టాను. వారం వారం చూసుకుంటాను.”

ఆమె ఆ డబ్బా వంక కొంచెంసేపు చూసింది. “కదపను,” అంది.

మొదటి వారం చూస్తే మళ్లీ వెంట్రుక మందం తగ్గింది. గీతను ఆ మట్టానికి దించి గీసి, మూతను ఇంకాస్త బిగించాను. ఆ సీసా మూత మర తిప్పితే ఊడి వచ్చే రకం. బహుశా ఆ మరలోంచే గాలి పోతోందనుకుని కొవ్వొత్తి మైనం కూడా రాశాను. రెండో వారం నుంచి సెంటు తగ్గడం ఆగిపోయింది. మూడో వారం కూడా సరిగ్గా గీత మీదే. నేను ఆదివారం దూది మీద కొట్టుకునేది ఉన్నా ఆగిపోయింది. అది లెక్కకు రానంత తక్కువేమో అనుకున్నానే గాని, రావలసిన అనుమానం రాలేదు. మనకు కావలసిందే కళ్లకు కనపడుతుంటే గీతలు గీసినవాడైనా ఒకటే, గీయనివాడైనా ఒకటే.

“చూశావా,” అని వంటింటి గుమ్మంలో నిలబడి సీసా ఎత్తి చూపించాను. “రెండు వారాలు. చుక్క తగ్గలేదు!”

“మంచిగైంది బావా,” అని సలోమి స్టవ్ వైపు తిరిగిపోయింది.

మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం బ్యాంకు పని మీద వెళ్లి తిరిగి వచ్చాను. చెప్పులు విప్పబోతూ గుమ్మంలోనే ఆగిపోయాను. హాలు నిండా కుసుమ వాసన. దూదిలోంచి వచ్చే పాటి కాదు. ఆమె ఇప్పుడే ముస్తాబై ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్లినంత దగ్గరగా ఉంది. సలోమి గది తలుపు వేసి ఉంది, స్నానం చేస్తున్నట్టు నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. నేను నెమ్మదిగా వంటింట్లోకి వెళ్లి డబ్బా తెరిచాను. సీసా మేజోడులో ఉంది. మట్టం గీత మీద ఉంది. డబ్బా మళ్లీ మూసేసి, ఫ్యాన్ వేస్తే పోతుందేమోనని వేయకుండా, చెమటలు కారుతుంటే అలాగే సోఫాలో కూర్చున్నాను. ఒక అరగంట ఉందేమో ఆ వాసన. ఆ అరగంట ఎవరు దయతలచి ఇచ్చారో అడగాలనిపించలేదు. ఎవరితోనూ చెప్పలేదు.

ఆ తర్వాత దూది వాసన పలచబడసాగింది.

మొదట నా ముక్కునే అనుమానించాను. సలోమి కూరగాయలకు వెళ్లినప్పుడు వంటింట్లో ఒక్కో డబ్బా తీసి వాసన చూశాను. ఇంగువ ఘాటుగానే ఉంది. కాఫీ పొడి బాగానే ఉంది. బియ్యం డబ్బాలో మాగేసిన మామిడిపండు వాసన మూత తీయకుండానే తెలుస్తోంది. ముక్కుకు ఏమీ కాలేదు. అంటే మరపు లోపల మొదలైందన్నమాట. నాకు అరవై ఆరు. మా నాన్నకు కూడా చివరి రోజుల్లో అమ్మ పేరు వెంటనే వచ్చేది కాదు. ఆ వారంలో రెండుసార్లు, ఏమీ తోచక, కొత్తిమీర తెమ్మన్న మెసేజీలు వరసగా విన్నాను. గొంతు ఉంది. వాసన తలుచుకుందామంటే అగరుబత్తే తగులుతోంది.

జూన్ మొదటి ఆదివారం సీసాను వరండా వెలుతురులోకి తీసుకెళ్లి చూశాను. లేత పసుపు రంగులో తేటగా ఉండాల్సింది బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా ఉంది. మట్టం మాత్రం గీత మీదే!

సోమవారం హరికిషన్ కొట్టు తీసేసరికి నేను మెట్ల మీద ఉన్నాను. అతను మూత తిప్పి, ఒక చుక్క వేలి మీద వేసుకుని, రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు.

“ఏం కలిపిన్రు సార్ ఇండ్ల?”

“ఏమీ కలపలేదు.”

“నీళ్లు వడ్డయి. నేను పుట్టినప్పటి సంది ఇదే పని సార్, నాకు తెల్వదా? సెంట్ల నీళ్లు వడితె గిట్లనే తెల్లగయితది.”

“తీయొచ్చా?”

“పాలల్ల కలిసిన నీళ్లు తీస్తరా ఎవరన్న?” నా ముఖం చూసి అతను గొంతు తగ్గించాడు. “తక్లీఫ్ పడకుండ్రి. ఇసొంటి వాసనే నేను కలిపిస్త. మేడంకు ఫరక్ తెల్వది.”

“మేడంకు తెలుస్తుంది,” అన్నాను.

ఆటోలో వస్తూ కోపం తెచ్చుకున్నాను. చాలా ఏళ్లయింది నాకు కోపం వచ్చి, దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా సరిగ్గా తెలియలేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను పోయలేదు. ఏమనాలో మాటలు పేర్చుకున్నాను. ఇరవై రెండేళ్లు ఇంట్లో పెట్టుకున్నందుకు, అని ఒక వాక్యం మొదలుపెట్టాను. అది నాకే సిగ్గనిపించి మధ్యలో వదిలేశాను. మిగిలిన మాటలు మెట్టుగూడ దాకా ఉన్నాయి.

సలోమి రంజన్‌లోకి బట్ట అడ్డుపెట్టి నీళ్లు పోస్తోంది. సీసాను గట్టు మీద పెట్టాను.

“ఇందులో నీళ్లు ఎవరు పోశారు?”

చెంబు ఆగింది. “నేనే బావా.”

అంత త్వరగా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు.

“కాచి సల్లార్చిన నీళ్లే పోసిన,” అంది గబగబా. “నల్లా నీళ్లు కాదు. బట్టల వడగట్టిన సుత.”

జ్వరం మనిషికి పట్టే నీళ్ల గురించి చెప్పినట్టు చెప్పింది. పక్కన ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. జనవరి తర్వాత ఆ వంటింట్లో కూర్చోవడం అదే మొదలు.

“ఎందుకు సలోమీ?”

“నువ్వు గీత గీసినవ్ గద. తారీఖు సుత ఏసినవ్. దిగితే తెలుస్తదని భయమైంది. మార్కులు దిద్దుకొచ్చిన పిల్లల్ని ముప్పై ఏండ్లు పట్టుకున్న నేను. ఆఖర్కి నేనే దిద్దిన, చూడు.” చెంబు కింద పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. “ఒక్కసారి చెయ్యి జారి ఎక్కువ వడ్డది. గీత దాటి మీదికొచ్చింది. మళ్ల దించాల్నని కొట్టుకుంటనే ఉన్న. మెడ తడిసింది, చేతులు తడిసినయ్, జాకెట్ తడిసింది. ఎంతకూ దిగకపాయె. నువ్వు బ్యాంకుకు పోయిన దినం. నువ్వొచ్చే యాళ్లకు తానం చేసి చీర తడిపేసిన. నాకు వాసన తెల్వది గద, ఇల్లంత ఎట్ల కొట్టిందో ఏమో.”

ఆ అరగంట నేను సోఫాలో కూర్చున్న సంగతి ఆమెకు చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే అది అబద్ధమేమీ కాదనిపిస్తుంది. వాసన నిజమే. ఇచ్చినవాళ్లు ఎవరో తెలిసిందంతే.

“నీకు వాసన తెలియనప్పుడు సెంటు దేనికి?”

సలోమి రంజన్ మీద మూత పెట్టి, దాని మీద గ్లాసు బోర్లించింది.

“ఆదివారం నువ్వు బయట స్కూటర్ మీద కూసుండి హారన్ కొడుతుంటివి. అక్క తనకు కొట్టుకొని, నాకు కొట్టేది. గడ్డం పట్టుకొని, మొఖం ఇటు తిప్పి, కదలకే అనేది. చెవి ఎనక సల్లగ తగిలేది. వాసనొచ్చే రోజుల్ల సుత నాకు గా సల్లదనమే ఇష్టముండె. ఆమె పోయినంక నేనే కొట్టుకుంటున్న. ఒక్కటే బావా, ఆదివారం ఆదివారం. గుడ్ ఫ్రైడేకు, ఈస్టర్‌కు మాత్రం రెండు రెండు.”

ఇంటి వెనక పట్టాల మీద ఒక గూడ్సు బండి వెళ్లేదాకా ఆగాం. మా ఇంట్లో గూడ్సు బండి పోతుంటే మాట్లాడరు, వినపడదు.

“నాకు అక్క వాసన గుర్తు రావడం లేదు సలోమీ,” అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. “ఆ సీసా ఉంటే మరిచిపోనని అనుకున్నాను.”

“గీ సెంటా? గిది నాలుగేండ్ల కింద వచ్చింది. నువ్వు పెండ్లి చేసుకున్ననాడు ఏడిది గీ సెంటు? అక్క డ్యూటీకెల్లి వస్తే స్పిరిట్ వాసన కొట్టేది. గంజి పెట్టిన కోటు, చేతులకేమో ఆ ఎర్ర సబ్బు. అమ్మ గడపలనే ఆపి కాళ్లు కడుక్కొని రమ్మనేది. నెత్తికి కొబ్బరి నూనె ఎక్కువ పెట్టేది, దిండు గలీబు ఉతికితే పోకపోయేది. వానొస్తే ఆ కోటు ఆరక ముక్కిన వాసన...”

ఆమె చెబుతుంటే ఒక్కొక్కటీ నా దగ్గరికి వచ్చాయి. ఎర్ర సబ్బు ముందు వచ్చింది. మూడేళ్లుగా ఏ వాసనా తెలియని మనిషి వరసగా చెబుతోంది, ముక్కు బాగున్న నేను వింటున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. ఆమె చూడనట్టు పప్పు గిన్నె వైపు తిరిగింది.

“దేవకృపమ్మ అన్నది విన్నవా బావా ఆ రోజు?” అని అటు తిరిగే అడిగింది.

“విన్నాను.”

“నేను పద్మారావు నగర్ల లేడీస్ హాస్టల్ కనుక్కున్న. ఒక రూము ఖాళీ ఉన్నదట. ఎల్లుండి చెప్పాలె.”

“అలాగా,” అన్నాను. కాసేపటికి, “ఆకలేస్తోంది. ఇక్కడే పెట్టెయ్, ఇద్దరికీ,” అన్నాను.

ఆమె చాలాసేపు ఆ పప్పు గిన్నెనే కలిపింది. తర్వాత రెండు కంచాలు కడిగింది. హాస్టల్ వాళ్లకు ఏం చెప్పిందో నేను అడగలేదు. ఎల్లుండి వచ్చి వెళ్లిపోయింది, సలోమి ఎక్కడికీ కదల్లేదు. దేవకృపమ్మ చర్చిలో ఒకటి రెండుసార్లు మా వైపు చూసి, తర్వాత మానేసింది.

ఆ వారమంతా అన్నాలు వంటింట్లోనే తిన్నాం. మాటలు ఎక్కువేమీ పెరగలేదు. ఉప్పు తక్కువైందని నేను, నీకు నాలుక కూడా పోయిందా అని ఆమె. అంతే.

ఆదివారం పొద్దున సలోమి తెల్ల చీర కట్టుకుని, బైబిలు సంచి భుజానికి వేసుకుని హాల్లోకి వచ్చింది. నేను సీసా పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆమె ఆగిపోయింది. గడ్డం పట్టుకుని ముఖం తిప్పడం నాకు చేతకాదు, తగదు కూడా. అది మా ఇద్దరికీ తెలుసు. ఆమె సంచి కుర్చీ మీద పెట్టి, తనంతట తానే ముఖం పక్కకు తిప్పి కళ్లు మూసుకుంది.

చేయి చాపినంత దూరం నుంచి నొక్కాను.

“ఏడ కొట్టినవ్ బావా, గోడకా?” అంది కళ్లు తెరవకుండానే.

“నాకు అలవాటు లేదు.”

“జెర దగ్గర్కి రా. కరవను.”

ఒక అడుగు ముందుకు వేశాను. పాలలా తెల్లబడ్డ సెంటు, సగం నీళ్లు. చెవి వెనక, నెరిసిన వెంట్రుకల కింద, సరిగ్గా చూసి నొక్కాను. తగిలిన చల్లదనానికి ఆమె భుజాలు చిన్నపిల్లకు మల్లే పైకి లేచాయి.

“ఇంకో పక్క,” అని ముఖం అటు తిప్పింది.